తడిసిన సంచి తరుగు

సోమవారం పొద్దున యూనివర్సిటీలో ఖగోళశాస్త్రం డిపార్ట్‌మెంటు మెట్లెక్కేసరికి సుజన చేతిలో కోవా బిళ్ల పెట్టారు. ఎవరి పుట్టినరోజో అనుకుని నోట్లో వేసుకుంది. సగం నమిలాక తెలిసింది, అది తన నాలుగేళ్ల కష్టానికి పంచుతున్న మిఠాయి అని.

"పేపరొచ్చేసిందండీ సుజన గారూ! రాత్రే ఆన్‌లైన్‌లో పెట్టారు," అన్నాడు సాయితేజ, మిఠాయి పెట్టె మూత చంకలో ఇరికించుకుని. పీహెచ్‌డీ పూర్తిచేసి, రెండేళ్ల ఫెలోషిప్ మీద రాజమండ్రి నుంచి వచ్చినవాడు. మంచివాడే. మంచివాళ్లతో చిక్కేమిటంటే, వాళ్ల మీద కోపం తెచ్చుకోవాలన్నా కష్టపడాలి.

సుజన తన బల్ల దగ్గరికి వెళ్లి కంప్యూటర్లో ఆ రిసెర్చి పేపరు తెరిచింది. పైన సాయితేజ పేరు. తర్వాత గైడు వెంకట్రావు గారి పేరు. తర్వాత టెలిస్కోపు వాళ్ల పేర్లు మూడు. వేలు పెట్టి మళ్లీ మొదటి నుంచి చదివింది. అయిదే. చివరి పేజీకి వెళ్తే, టెలిస్కోపు సిబ్బందికి కృతజ్ఞతలు చెప్పిన పేరా కింద, "సమాచారం సర్దడంలో తోడ్పడిన విద్యార్థులకు" కూడా కృతజ్ఞతలు ఉన్నాయి. విద్యార్థులకట. ఆ పని చేసిన విద్యార్థి ఒక్కతే, ఆ ఒక్కతీ ఇక్కడ కోవా వేళ్లతో కూర్చుని ఉంది.

ఆ పనేమిటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. ఆకాశంలో ఒకచోట మన సూర్యుడికంటే కాస్త చిన్న నక్షత్రం ఒకటి, కంటికి కనిపించని దాని చుట్టూ తొమ్మిది గంటలకొకసారి తిరిగి వస్తుంటుంది. ఆ కనిపించనిది కృష్ణబిలం. నక్షత్రం ఒంటి మీది వాయువును అది లాక్కుంటుంటే, ఆ వాయువంతా దాని చుట్టూ పళ్లెంలా చేరి, కాగి కాగి ఎక్స్‌రేలు వెదజల్లుతుంది. కృష్ణబిలాన్ని కాంటా మీద పెట్టలేం గనుక, నక్షత్రం తిరిగే వేగాన్ని బట్టి దాని బరువు కడతారు. నక్షత్రం వెలుగును రంగులుగా విడదీస్తే మధ్యలో నల్లటి గీతలు కనబడతాయి. అది మనవైపు వస్తుంటే గీత నీలం వైపు వెంట్రుకవాసి జరుగుతుంది, దూరం పోతుంటే ఎరుపు వైపు. ఆ వెంట్రుకవాసిని సుజన నాలుగేళ్లలో నాలుగు వందల పన్నెండు సార్లు కొలిచింది. కంప్యూటరు చెప్పిన లెక్కను నమ్మక, ఒక్కొక్కదాన్నీ మళ్లీ తన కళ్లతో చూసింది.

వేగం ఒక్కటే చాలదు. ఆ జంట మనకు ఏ వాలులో కనబడుతోందో కూడా తెలియాలి. కృష్ణబిలం లాగుడుకు నక్షత్రం కోడిగుడ్డులా సాగి ఉంటుంది కాబట్టి, తిరిగేటప్పుడు దాని వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ ఎగుడుదిగుడును బట్టి వాలు చెబుతారు. అయితే అందులో పళ్లెం వెలుగు కూడా కలిసి ఉంటుంది. ముందు దాన్ని తీసేయాలి. అలా తీసేసేదాన్ని సుజన తన నోటుబుక్కులో "తరుగు" అని రాసుకునేది. అది వాళ్ల నాన్న మాట, బస్తా బరువులోంచి తీసేసే సంచి బరువు.

అన్నీ కట్టి చూస్తే కృష్ణబిలం బరువు పదమూడున్నర సూర్యులని తేలింది. ఇలాంటి చిన్న నక్షత్రాల జంటల్లో అంత బరువు అరుదు. కోవా పంచింది అందుకే.

వెంకట్రావు గారి గది తలుపు తెరిచే ఉంది. నెలాఖరుకు రిటైరవుతున్నారు. అలమారలోని పుస్తకాలు అట్టపెట్టెల్లోకి సర్దుతున్నారు.

"చూశావా అమ్మా పేపరు? బాగా వచ్చింది," అన్నారు తల ఎత్తకుండా.

"చూసిన సార్. నా పేరు..."

"ఆఁ, అదా." కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "వచ్చే బుధవారం సాయితేజకు ఉద్యోగం ఇంటర్వ్యూ ఉంది. రాసింది అతనే కదా. టెలిస్కోపు వాళ్లు కూడా పేర్లు తక్కువుంటే మంచిదన్నారు. నీది ఎలాగూ థీసిస్‌లో వస్తుంది. థీసిస్ మొత్తం నీ పేరే కదమ్మా!"

థీసిస్ అలమారలో పడి ఉంటుందనీ, పేపరు లోకమంతా చదువుతుందనీ ఇద్దరికీ తెలుసు. సుజన "సరే సార్" అని బయటికొచ్చి, బాత్‌రూంలో కుళాయి తిప్పి పెట్టి, కడుపు మండినంతసేపు ఏడ్చింది.

సాయంత్రం పురానాపూల్‌లో బస్సు దిగి సందు మలుపు తిరిగేసరికే నాన్న దగ్గు వినబడింది.

ఎల్లప్ప ఉస్మాన్‌గంజ్‌లో ఒక మిర్చి దుకాణంలో ముప్పై ఒక్క ఏళ్లు దడ్వాయిగా చేశాడు. బస్తాలు తూచడం అతని పని. కాంటా మీద బస్తా కుదురుకోగానే బరువు ఎంతో నలుగురికీ వినబడేలా దడ్వాయి కేక వేస్తాడు. గుమాస్తా ఆ అంకెను తిరిగి పలికి చీటీ మీద రాసుకుంటాడు. ఎల్లప్ప కేక అఫ్జల్‌గంజ్ మలుపు దాకా వినబడేదని గంజ్‌లో చెప్పుకునేవారు. ఆ గొంతులోకే ముప్పై ఒక్క ఏళ్లు మిర్చి ఘాటు దిగింది. ఇప్పుడు నీళ్లు కావాలనడానికే రెండుసార్లు ఊపిరి పీల్చుకుంటాడు. వానాకాలం దాటితే చూద్దామన్నాడు డాక్టరు. ఎల్లప్ప భార్య ఆగమ్మ ఆ మాటను ఎవరితోనూ అనలేదుగానీ, తులసికోట దగ్గర రోజూ ఒక దీపం ఎక్కువ పెడుతోంది.

"పుస్తకం వచ్చిందా బిడ్డా?" అని అడిగాడు ఎల్లప్ప. రోజూ అడిగే మాటే. పుస్తకమంటే అతని లెక్కన బిడ్డ పేరు అచ్చయ్యే పత్రిక.

"రాలే బాపు. ఇంక జర టైమ్ పడ్తది."

"ఎంత టైమ్?"

"వస్తది తీ. ఫికర్ జెయ్యకు."

అతనికి ఆ తొందర ఎందుకో ఆమెకు తెలుసు. బడిలో చేర్పించినప్పుడు సారు ఇంటిపేరు అడగకుండా తండ్రి పేరే రాసేశాడు. అది సర్టిఫికెట్లన్నిటా పాకి, ఆమె సుజన ఎల్లప్ప అయింది. బిడ్డ పేరు అచ్చయితే దాని పక్కనే తన పేరూ అచ్చవుతుంది. ఎల్లప్ప ఇంగ్లీషు చదవలేడు. చదవనక్కర్లేదు, వేలు పెట్టి చూపిస్తే చాలు. ఈ నాలుగేళ్లలో కూతుర్ని అతను అడిగింది అదొక్కటే. ఆ రాత్రి అన్నం కలుపుతూ సుజన తనను తాను అసహ్యించుకుంది, పేరు లేనందుకు కాదు, నాన్నకు అబద్ధం చెప్పినందుకు.

బుధవారం తెల్లవారుజాము నుంచీ ముసురు పట్టింది. మూసీ పొంగుతుందేమోనని సందులో వాళ్లంతా గడపల్లో నిలబడి ఉన్నారు. వాన నీళ్లు లోపలికి రాకుండా ఆగమ్మ గడపకు అడ్డంగా ఒక గోనెసంచి మడిచి వేసింది. సుజన ఆ రోజు యూనివర్సిటీకి వెళ్లలేదు. వెళ్లబుద్ధి కాలేదు.

"గా సంచి ఇటు తీస్కరా," అన్నాడు ఎల్లప్ప మంచం మీంచి.

నీళ్లు కారుతున్న సంచిని ఆమె మంచం దగ్గరికి తెచ్చింది.

"ఎత్తి చెప్పు. ఎంతుంటది?"

చిన్నప్పటి ఆట. కొబ్బరికాయ, ఇటుక, పక్కింటి పిల్లి, దేన్నైనా చేతికిచ్చి బరువు అడిగేవాడు. సుజన చేత్తో ఊపి చూసింది.

"సంచి కిలో ఉంటదని నువ్వే చెప్తుంటివి గద."

"నీ తలకాయ. పొడి సంచి కిలో. నీళ్లు తాగిన సంచి రెండు కిలోలు." ఊపిరి కోసం ఆగాడు. "వానలు పడ్డయంటే, పొద్దుగాల్నే ఖాళీ సంచిని కాంటా మీద పెట్టి తూచాలె. గది తూచకుంట మొదటి బస్తా ఎత్తద్దు. ఎండకాలం తరుగు వానకాలం తీసినవనుకో, అయిపాయె. నీళ్లు గూడ మిర్చి బరువుల్నే కలుస్తయ్."

"గట్ల ఎవలన్న తీస్తరా?"

"కొత్తోళ్లు తీస్తరు. అంకె నోటికొచ్చి ఉంటది గద, గదే తీసేస్తరు. ఖాళీ సంచిని మళ్ల ఎవడు తూస్తడు అనుకుంటరు."

నవ్వబోయాడు. అది దగ్గయింది. ఆమె అతని వీపు నిమురుతూ కూర్చుంది. కాసేపటికి చెయ్యి దానంతటదే ఆగిపోయింది. వెలుగు ఎగుడుదిగుడు కొలిచింది నిరుడు మార్చిలో. పళ్లెం వాటా కొలిచింది దానికి ముందటి డిసెంబరులో. పళ్లెం ఎప్పుడూ ఒక్కలా వెలగదు. కొన్ని నెలలు మందకొడిగా ఉంటుంది, కొన్ని నెలలు కాస్త రేగుతుంది. మార్చిలో రేగి ఉంటే?

"ఏమైంది బిడ్డా?"

"ఏం లేదు బాపు," అంది. సంచిని తిరిగి గడపకు అడ్డంగా వేసింది.

గురువారం అందరికంటే ముందు వెళ్లి బల్ల దగ్గర కూర్చుంది. మార్చి నాటి వర్ణపటాలు నాలుగు ఉన్నాయి. నక్షత్రపు గీతలు వాటిలో ఎంత లోతుగా ఉన్నాయో చూస్తే పళ్లెం వాటా తెలుస్తుంది, ఎందుకంటే పళ్లెం వెలుగు కలిసేకొద్దీ గీత వెలిసిపోతుంది. డిసెంబరు గీతను పక్కన పెట్టి చూసింది. లెక్క కట్టక ముందే కన్ను పట్టేసింది. మార్చి గీత బాగా వెలిసిపోయి ఉంది. పేపర్లో తీసేసిన తరుగు నూటికి పన్నెండు. నిజంగా తీయాల్సింది ముప్పై నాలుగు.

మధ్యాహ్నానికి మొత్తం లెక్క తిరగకట్టింది. తరుగు సరిగ్గా తీస్తే నక్షత్రం వెలుగులోని ఎగుడుదిగుడు పెద్దదైంది, వాలు మారింది, బరువు దిగింది. పదమూడున్నర కాదు, ఏడు పాయింట్ తొమ్మిది. అలాంటివి ఇప్పటికే చాలా ఉన్నాయి. వాటికి ఎవరూ కోవా పంచరు.

దాచుకోవడమెందుకు, ఆ క్షణాన సుజనకు ఒళ్లంతా సంతోషం పాకింది. పైనున్న ఆ అయిదు పేర్లూ ఇప్పుడేం చేస్తాయో చూడాలనిపించింది. తన పేరు లేదు. తనకేం అంటదు. రెండేళ్లకో మూడేళ్లకో ఏ దేశంలోనో ఎవరో కనిపెడతారు, అందరి ముందూ కడిగేస్తారు. తను నోరు మెదపక్కర్లేదు.

అసలు ఆ పన్నెండు ఎక్కణ్నుంచి పట్టుకొచ్చాడో చూద్దామని సాయితేజ వాడిన పట్టిక తెరిచింది. ఆ పట్టిక తను తయారుచేసి ఇచ్చిందే. సొరుగులోంచి పాత నోటుబుక్కు తీసి పేజీలు తిప్పింది. మార్చి పందొమ్మిది. తన చేతిరాత. "తరుగు 12. ఇది డిసెంబరుది. మార్చిది కొలవాలి."

కొలవలేదు. మార్చి ఇరవైన నాన్న నోట్లోంచి నెత్తురు పడితే ఛాతీ ఆస్పత్రిలో చేర్చారు. పదహారు రోజులు అక్కడి వరండాలోనే ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పట్టికలు పూర్తిచేసింది. పన్నెండు ఎక్కించింది. పక్కనున్న మాట ఎక్కించడం మరిచిపోయింది. సాయితేజ చేసిన తప్పల్లా ఆమెను నమ్మడమే.

దడ్వాయి బిడ్డ ఖాళీ సంచి తూచలేదు. సుజన నోటుబుక్కు మూసి దాని మీద రెండు చేతులూ పెట్టి చాలాసేపు కూర్చుంది. సంతోషమంతా ఎటు పోయిందో పోయింది. ఆ చోట సిగ్గు మిగిలింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. తెలిసినా మాటపడేది సాయితేజ. చెబితే, ఇదే అంకె మీద నిలబడ్డ తన థీసిస్ కూడా మళ్లీ మొదటికొస్తుంది. తన ఫెలోషిప్ ఈ మార్చిలోనే అయిపోయింది. ఇన్నీ లెక్కేసుకుంది. లెక్కేసుకున్నాక కూడా, ఒక బరువు తప్పని తెలిసి ఊరుకోవడం ఆ ఇంట్లో పుట్టిన మనిషికి చేతకాలేదు.

శుక్రవారం వెంకట్రావు గారి గదిలో, అట్టపెట్టెల మధ్య నిలబడి మొత్తం చెప్పింది. సాయితేజ కూడా ఉన్నాడు. రెండు గీతలూ పక్కపక్కన ఉన్న కాగితాన్ని వెంకట్రావు గారు కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశారు. చాలాసేపు చూశారు. ముఖం వాడిపోయింది. ముప్పై అయిదేళ్ల ఉద్యోగంలో ఇదే ఆఖరి పేపరు.

"పన్నెండు ఎవరిచ్చారు?"

"నేనే ఇచ్చిన సార్. మార్చిది కొలవాలని రాసుకున్న. కొలవలే. తప్పు నాదే."

"నేనూ చూసుకోవాల్సిందండీ," అన్నాడు సాయితేజ మెల్లగా. పాపం, అతని ఇంటర్వ్యూకి ఇంకా అయిదు రోజులే ఉంది.

వెంకట్రావు గారు కుర్చీలో కూలబడ్డారు. తిట్టలేదు. తిట్టి ఉంటే సుజనకు తేలిగ్గా ఉండేది.

"దిద్దుబాటు పంపాలి. తప్పదు. పత్రికకు నేను రాస్తాను." కళ్లజోడు తీసి మళ్లీ తుడుచుకున్నారు. "చూశావా, నీ పేరు లేకపోవడమే నీకు మంచిదైందమ్మా. తప్పించుకున్నావు."

ఆయన ఓదార్పుగానే అన్నారు. అందుకే అది ఇంకా గట్టిగా తగిలింది.

శని, ఆదివారాలు ఎలా గడిచాయో గడిచాయి. సోమవారం మధ్యాహ్నం సాయితేజ ఆమె బల్ల దగ్గరికొచ్చి, కూర్చోకుండా నిలబడ్డాడు. చేతిలో ఒక కాగితం.

"దిద్దుబాటు ప్రకటనండీ. సార్ రాశారు. తప్పు ఎలా జరిగిందో స్పష్టంగా చెప్పమని ఎడిటర్ అడిగాడట. మీకు అభ్యంతరం ఉంటే..."

చదివింది. చిన్నదే, ఇంగ్లీషులో పది వరుసలు. పాత బరువు, కొత్త బరువు. కింద ఒక వాక్యం: "వెలుగు లెక్కలను సిద్ధం చేసిన విద్యార్థిని సుజన ఎల్లప్ప, వేరొక కాలంలో కొలిచిన పళ్లెం వాటాను వాడటం వల్ల ఈ పొరపాటు జరిగింది."

అక్షరం పొల్లుపోకుండా పూర్తి పేరు. ఈసారి "విద్యార్థులకు" అని కలిపేయలేదు.

"రచయితల్లో కూడా మీ పేరు చేర్చమని అడిగానండీ," అన్నాడు సాయితేజ, నేల చూపులు చూస్తూ. "దిద్దుబాటులో కొత్త పేర్లు చేర్చడం బాగుండదన్నారు సార్."

"అబద్ధమైతే రాయలే గద," అంది సుజన.

"అంటే..."

"అభ్యంతరం లేదని చెప్పండి. ఇంటర్వ్యూకి మంచిగ పోయి రండి."

అతను తల ఊపి వెళ్లిపోయాడు. ఆమె ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. పారేద్దామని రెండుసార్లు బయటికి తీసింది. మళ్లీ లోపల పెట్టింది.

ఇంటికి వెళ్లేసరికి వాన వెలిసి సందులో నీరెండ పడుతోంది. గోనెసంచి గోడ మీద ఆరుతోంది. ఎల్లప్ప దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. రెండు రోజుల్లోనే కళ్లు ఇంకాస్త లోపలికి పోయాయి.

"పుస్తకం వచ్చిందా బిడ్డా?"

రాలేదనే అనబోయింది. ఆ ముఖం చూసి అనలేకపోయింది. మంచం అంచున కూర్చుని కాగితం మడతలు విప్పి, అతని చూపుడువేలు పట్టుకుని ఆ వాక్యం మీద పెట్టింది.

"గిది నా పేరు. దీని పక్కన గిది నీ పేరు."

ఎల్లప్ప వేలు తీయలేదు. అక్షరాల మీద ఇటునుంచి అటు, అటునుంచి ఇటు నడిపించాడు. "ఆగమ్మా," అని పిలిచాడు, వినబడేంత గొంతు రాలేదు. తర్వాత కూతురి వైపు చూశాడు.

"ఏమని రాసిండ్రు?"

ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు. మంచి మాటలకు కొదవా? సుజన కళ్లు తుడుచుకుంది.

"తూకంల తప్పొచ్చింది, గా తప్పు సుజన ఎల్లప్పది అని రాసిండ్రు బాపు. నిజమే. నువ్వు దవాఖానల ఉన్నప్పుడు ఎండకాలం తరుగు వానకాలం తీసిన. ఖాళీ సంచి మళ్ల తూచలే."

బయట ఎవరో కూరగాయల బండి తోసుకుంటూ పోయారు. ఆ చప్పుడు సందు చివరిదాకా వెళ్లి ఆగింది.

"తప్పు ఎవలు పట్టిండ్రు?"

"నేనే పట్టిన. నేనే పోయి చెప్పిన."

"తప్పు జేసినోళ్ల పేరు రాసిండ్రు సరే," అన్నాడు ఊపిరి కూడదీసుకుని. "మరి తూచినోళ్ల పేరు ఏది?"

సుజన తల వంచుకుంది. ఎల్లప్పే తల ఊపాడు, తెలిసిన సంగతే అన్నట్టు.

"గంజ్‌ల గూడ గంతే బిడ్డా. ముప్పై ఒక్క ఏండ్లు తూచిన. చీటీల మీద సేట్ పేరే. ఒక్కపారి బస్తా తక్కువొచ్చిందని లొల్లయింది సూడు, గా దినం మాత్రం రాసిండ్రు, దడ్వాయి ఎల్లప్ప అని." కాసేపు ఆయాసపడ్డాడు. కాగితం ఇంకా వేలి కిందే ఉంది. "ఇప్పుడు సరిగ్గ తూచినవా?"

"తూచిన బాపు."

"ఎంతొచ్చింది?"

"ఏడు పాయింట్ తొమ్మిది. సూర్యుళ్ల లెక్కల."

ఎల్లప్ప దిండు మీంచి వీపు ఎత్తి నిటారుగా కూర్చోబోయాడు. ఆమె భుజం పట్టుకుంది. ఒక చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, మెడ నరాలు బిగించి, గంజ్ పని మానేశాక ఎవరూ వినని కేక వేశాడు.

"ఏడూ... తొమ్మిదీ...!"

ఆ కేక గడప కూడా దాటలేదు. మధ్యలోనే గొంతు తెగి దగ్గు ముంచుకొచ్చింది. దగ్గుతూనే, కళ్ల నీళ్లతోనే, అతను కూతురి ముఖంలోకి చూస్తూ ఆగాడు. దేనికి ఆగాడో సుజనకు అర్థమైంది. కేక వేశాక గుమాస్తా తిరిగి పలకాలి.

"ఏడు, తొమ్మిది," అంది సుజన. పక్కనున్న పెన్ను తీసి, ఆ కాగితం వెనక వైపు బరువు రాసింది. దాని కింద తెలుగులో, అతను చదవగలిగేలా పెద్ద అక్షరాలతో, తూచినవాళ్ల పేరు సుజన ఎల్లప్ప అని రాసింది. ఎల్లప్ప ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటుంటే, ఆగమ్మ నీళ్ల గ్లాసు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.